కొత్త కార్డుకి పాత పోర్టు ఎందుకు?

ప్రశ్న: సార్, నాది కూకట్‌పల్లి. రెండేళ్లు జీతంలో మిగుల్చుకుని 2023లో సికింద్రాబాద్ సీటీసీలో ఆర్‌టీఎక్స్ 4080 గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. లక్ష పైనే అయింది. ఇప్పుడు 4కె 240 హెర్ట్జ్ మానిటర్ తీసుకుందామని చూస్తుంటే, నా కార్డులో మానిటర్‌ని తగిలించే పోర్టు డిస్‌ప్లేపోర్ట్ 1.4 అని, అది 2016 నాటిదని, 2.0 అనేది 2019లోనే వచ్చేసిందని తెలిసింది. ఫ్రెండ్స్ అందరూ ‘నీ కార్డుకి ఆ మానిటర్ దండగ’ అంటున్నారు. అంత డబ్బు తీసుకుని అప్పటికే పాతబడ్డ పోర్టు ఎందుకు పెట్టారు? నేను మోసపోయానా?

జవాబు: మోసపోలేదు. ముందు ఆ టెన్షన్ తీసేయండి. మీ కార్డు మీద 4కె 240, అంటే సెకనుకి 240 సార్లు మారే 4కె తెర, నడుస్తుంది, అదెలాగో కిందికి వచ్చేసరికి లెక్కతో సహా చెప్తాను. కానీ మీ అసలు ప్రశ్న మంచిది, ‘ఎందుకు పెట్టారు’ అన్నది. ఈ మధ్య ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తున్నాయి కాబట్టి కాస్త ఓపిగ్గా రాస్తాను.

సొంతిల్లు కట్టించుకున్నవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. స్లాబ్ పోసే ముందు రోజు ఎలక్ట్రీషియన్ వచ్చి ఇనుప కడ్డీల మధ్య పైపులు పరుస్తాడు, ఎక్కడ ఫ్యాను, ఎక్కడ లైటు అని అడిగి బాక్సులు కట్టేస్తాడు. తెల్లారి కాంక్రీటు పడిపోతుంది. ఇక ఆ తర్వాత ‘ఈ మూల ఇంకో పాయింటు కావాలి’ అంటే పైపు లోపల నుంచి రాదు. గృహప్రవేశానికి ఇంకా ఏడాది ఉండవచ్చు, రంగులు వేయలేదు, తలుపులు పెట్టలేదు, అయినా ఆ ఒక్క విషయం మాత్రం ఎప్పుడో తేలిపోయింది.

గ్రాఫిక్స్ చిప్‌కి ఆ స్లాబ్ రోజుని టేపౌట్ అంటారు. డిజైన్ మొత్తం పూర్తయి ఫ్యాక్టరీకి పంపేసే రోజు అది. అక్కడి నుంచి తయారీకి కావలసిన మాస్కులు, అంటే చిప్ గీతల అచ్చులు, చేయాలి, మొదటి చిప్‌లు రావాలి, వాటిని నెలల తరబడి పరీక్షించాలి, బోర్డులు కట్టాలి, డ్రైవర్లు రాయాలి, ఓడలెక్కించాలి. ఇక టేపౌట్ కంటే ముందు డిజైన్‌కి పట్టే కాలం వేరే. మొత్తం కలిపితే రెండు మూడేళ్లు సులభంగా దాటుతుంది. మీరు సీటీసీలో డబ్బా చించి చూసిన ఆ మూడు డిస్‌ప్లేపోర్ట్‌లు, ఒక హెచ్‌డీఎంఐ ఎంత వేగంతో పనిచేయాలన్నది మీరు డబ్బు కూడబెట్టడం మొదలుపెట్టకముందే ఖాయమైపోయిన విషయం. మన హైటెక్ సిటీ చుట్టుపక్కల మీ కార్డు చిప్ చేసిన ఎన్విడియా, ఏఎండీ, క్వాల్‌కామ్ ఆఫీసుల్లో ఇలాంటి చిప్ పనులు చేసేవాళ్లు వేలల్లో ఉన్నారు, మీ అపార్ట్‌మెంట్‌లోనే ఎవరో ఒకరు దొరుకుతారు, అడిగి చూడండి. వెరిఫికేషన్ పనిలో ఉన్న మా మేనల్లుడు ఒకసారి ఇంటికొచ్చినప్పుడు ‘ఏం చేస్తున్నావురా’ అంటే, ‘మామయ్యా, ఇప్పుడు నేను చెక్ చేస్తున్నది నువ్వు షాపులో చూసేసరికి రెండు సంక్రాంతులు దాటిపోతాయి’ అన్నాడు.

పోర్టు అంటే మనకి బయటికి కనిపించే లోహపు నోరు ఒక్కటే కాదన్నది ఇక్కడ ముఖ్యం. డిస్‌ప్లేపోర్ట్ 1.2కీ 2.1కీ ఆ నోరు ఒకటే, అదే కేబుల్ దూరుతుంది. తేడా అంతా చిప్ అంచున ఉండే సిగ్నల్ పంపే సర్క్యూట్‌లో ఉంది. 2.0కే సవరణ అయిన డిస్‌ప్లేపోర్ట్ 2.1 పూర్తి వేగం 80 గిగాబిట్లు, నాలుగు లేన్లు, అంటే ఒక్కో లేన్‌లో సెకనుకి 2,000 కోట్ల బిట్లు. ఒక బిట్టుకి దొరికే సమయంలో సిగ్నల్ తీగలో ప్రయాణించేది దాదాపు ఒక సెంటీమీటరు. మీటరు కేబుల్ తీసుకుంటే అందులో ఒకదాని వెనక ఒకటి వంద బిట్లు పరుగెడుతూ ఉంటాయన్నమాట, ప్రతి లేన్‌లోనూ. బోర్డు మీద ఒక మలుపు సరిగ్గా లేకపోయినా, కనెక్టర్‌లో ఒక పిన్ను వదులైనా అవతలివైపు ఏ బిట్టు 0, ఏ బిట్టు 1 అన్నది తెలియదు. ఇలాంటి సర్క్యూట్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో వచ్చేది కాదు.

మరి స్టాండర్డ్ ముందే రాసిపెట్టారు కదా, దాన్ని చూసి కట్టొచ్చు కదా అంటారు. ఆ స్టాండర్డ్ రాసేది కూడా ఈ కంపెనీలే. డిస్‌ప్లేపోర్ట్‌ని చూసే వెసా అనే సంఘంలో ఎన్విడియా, ఏఎండీ, ఇంటెల్ సభ్యులే, డ్రాఫ్టులు వాళ్ల టేబుల్ మీదే ఉంటాయి. అయితే స్టాండర్డ్ ప్రకటన అంటే కాగితం వచ్చిందని మాత్రమే అర్థం. ఆ తర్వాత ఏది పాస్, ఏది ఫెయిల్ అని తేల్చే పరీక్షల పద్ధతి రావాలి, ఆ పరీక్షలు చేసే యంత్రాలు రావాలి, మానిటర్ లోపల ఉండే చిప్‌లు రావాలి, కేబుళ్లు రావాలి. 2019 జూన్‌లో వెసా 2.0 ప్రకటించినప్పుడు సరుకు 2020 చివరికి వస్తుందని చెప్పింది. ఇంతలో కరోనా. వేర్వేరు కంపెనీల ఇంజినీర్లు తమ తమ డబ్బాలు ఒకే హాలుకి తెచ్చి, నీ కార్డు నా మానిటర్‌తో కలుస్తుందా అని ఒకదానికొకటి గుచ్చి చూసుకునే సమావేశాలు ఉంటాయి, అవి ఆగిపోయాయి. ఆ పని జూమ్ కాల్‌లో జరిగేది కాదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, స్టాండర్డ్‌కి పేరు పెట్టిన మూడేళ్లకి గానీ దాన్ని మోసే కార్డు, కేబుల్ బజారుకి రాలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే సంగతి చెప్తాను. ఈ ఆలస్యం ప్రతిసారీ ఒకేలా లేదు. హెచ్‌డీఎంఐ 2.0 వచ్చింది 2013 సెప్టెంబరులో, సరిగ్గా ఏడాదికి 2014 సెప్టెంబరులో ఎన్విడియా కార్డు జీటీఎక్స్ 980 దాన్ని పెట్టుకుని వచ్చేసింది. హెచ్‌డీఎంఐ 2.1 వచ్చింది 2017 నవంబరులో, దాదాపు పది నెలల తర్వాత వచ్చిన ఆర్‌టీఎక్స్ 20 సిరీస్‌లో అది లేదు, 2020 సెప్టెంబరులో 30 సిరీస్ దాకా ఆగాల్సి వచ్చింది. డిస్‌ప్లేపోర్ట్ 2 సంగతి చూస్తే, 2019 జూన్ నుంచి 2025 జనవరిలో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ దాకా, ఎన్విడియా గేమింగ్ కార్డుల్లో ఐదున్నరేళ్లు.

ఎందుకీ తేడా? హెచ్‌డీఎంఐ 2.0 పాత పద్ధతినే వేగం పెంచి వాడుకుంది. మూడు డేటా దారులు, వాటికి తాళం వేసే ఒక గడియారం (క్లాక్) దారి, అంతా ముందులాగే, ఒక్కో దారిలో 3.4 గిగాబిట్లు పోయేవి 6 అయ్యాయి, మొత్తం 10.2 కాస్తా 18 అయింది. ఉన్న ఇంటికి పై అంతస్తు వేసుకున్నట్టు. 2.1లో అలా కాదు, గడియారం దారిని కూడా డేటాకి మార్చేసి, నాలుగు దారుల్లో 12 చొప్పున 48కి తీసుకెళ్లారు, బిట్లు పేర్చే పద్ధతే మారింది. డిస్‌ప్లేపోర్ట్ 2.0 అయితే సిగ్నల్ పంపే కింది పొరని ఇంటెల్ థండర్‌బోల్ట్ 3 అనే వేరే కేబుల్ పద్ధతి నుంచి తెచ్చుకుంది. 1.4 దాకా ప్రతి 8 బిట్లకి 10 బిట్లు పంపాల్సి వచ్చేది, అంటే దారిలో ఐదో వంతు ఖర్చుల కిందే పోయేది. 2.0లో 128కి 132 పంపితే చాలు. బాగుంది, కానీ పునాది నుంచి కొత్త ఇల్లు. కాబట్టి కొత్త స్టాండర్డ్ వచ్చినప్పుడు దాని నంబరు కంటే ముందు నేను చూసేది ఇదే, పాత పద్ధతికి వేగం పెంచారా, పద్ధతే మార్చారా అని. పెంచితే ఏడాదిలో కార్డు వస్తుంది. మార్చితే మూడేళ్లు అనుకోవాలి.

ఇంకో చిన్న ముచ్చట. 2016 మేలో జీటీఎక్స్ 1080 వచ్చినప్పుడు దాని వివరాల్లో ‘డిస్‌ప్లేపోర్ట్ 1.2 సర్టిఫైడ్, 1.3, 1.4కి రెడీ’ అని రాశారు. 1.4 అప్పటికి రెండు నెలల కిందటే వచ్చింది. సర్క్యూట్‌కి ఆ వేగం ఉంది, కానీ పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు ఇంకా సిద్ధంగా లేరు. మన మెట్రో స్టేషన్లు ఆరు బోగీలకి సరిపోయేలా కట్టి, మూడు బోగీల రైలు నడుపుతున్నట్టు. తర్వాత 2018లో ఆ కార్డులకి ఒక ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కూడా వచ్చింది. ముందుచూపుతో స్లాబ్‌లో పెద్ద పైపు వేసి ఉంచితే తర్వాత అవసరం పడ్డప్పుడు వైరు లాగడం తేలిక.

అంటే తప్పంతా కాలానిదేనా, కంపెనీది ఏమీ లేదా? నేను అలా అనను. మీ కార్డు వచ్చిన 2022 చివర్లోనే ఏఎండీ ఆర్‌ఎక్స్ 7900 కార్డుల్లో డిస్‌ప్లేపోర్ట్ 2.1 పెట్టింది, పూర్తి 80 కాదు, 54 గిగాబిట్లు. ఇంటెల్ అదే ఏడాది ఆర్క్ కార్డుల్లో 40 గిగాబిట్ల వేగానికి సిద్ధం అని చెప్పింది. ఎన్విడియా మాత్రం 30 సిరీస్‌లో ఉన్న పోర్టులనే మీ కార్డు ఉన్న 40 సిరీస్‌లోనూ ఉంచేసింది. వాళ్లు చెప్పిన కారణం ఏంటంటే, 1.4తోనే 8కె 60 హెర్ట్జ్ వస్తోంది, 2.0 ఉన్న గేమింగ్ మానిటర్లు రావడానికి ఇంకా టైముంది అని. ఆ రోజుకి ఆ మాట అబద్ధం కాదు, బజార్లో అలాంటి మానిటర్ లేదు. కానీ కార్డు ఒక్క రోజు కోసం కొనేది కాదు కదా, మన ఇళ్లల్లో ఐదేళ్లు వాడి, తర్వాత తమ్ముడికో బావమరిదికో ఇస్తాం. చెట్టు ముందా విత్తు ముందా అని కార్డు కంపెనీ మానిటర్ వైపు, మానిటర్ కంపెనీ కార్డు వైపు చూస్తూ కూర్చుంటే ఎవరో ఒకరు ముందడుగు వేయాలి, ఆ స్తోమత అందరికంటే ఎక్కువ ఉన్నది మార్కెట్‌లో పెద్ద వాటా ఉన్నవాళ్లకే. అదీ నా అభిప్రాయం. 2023లో శాంసంగ్ 57 అంగుళాల వంపు మానిటర్ తెచ్చింది, రెండు 4కె తెరలు పక్కపక్కన అతికించినంత వెడల్పు, 240 హెర్ట్జ్. అప్పటికి అన్నిటికంటే ఖరీదైన ఆర్‌టీఎక్స్ 4090 దాని మీద 120 దగ్గర ఆగిపోయింది, ఏఎండీ కార్డులు 240 ఇచ్చాయి. పోర్టు వల్ల నిజంగా దెబ్బ తగిలింది అక్కడే.

ఇప్పుడు మీ మానిటర్ లెక్క. 4కె తెరలో దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కి మూడు రంగులు, రంగుకి 10 బిట్లు, 30. సెకనుకి 240 సార్లు. గుణిస్తే దాదాపు 60 గిగాబిట్లు. మీ డిస్‌ప్లేపోర్ట్ 1.4 కాగితం మీద 32.4, ఇందాక చెప్పిన ఐదో వంతు ఖర్చు తీసేస్తే చేతికొచ్చేది 25.92. నేరుగా పట్టదు. అందుకే డీఎస్‌సీ అనే కుదింపు వాడతారు, వెసాదే, 2014 నుంచి ఉంది, చిత్రాన్ని మూడో వంతు దాకా కుదించి పంపి మానిటర్‌లో విప్పుతుంది. 60 మూడో వంతు 20, మీ 25.92లో హాయిగా పడుతుంది. ఎన్విడియా కూడా మీ కార్డుకి 4కె 240 అని రాసింది ఈ కుదింపుతోనే.

కుదిస్తే చెడిపోదా అన్న అనుమానం న్యాయమైనదే. నేను నా కళ్లతో చూసి చెప్తున్నాను, ఒక ఫ్రెండ్ ఇంట్లో ఒకే మానిటర్‌కి డీఎస్‌సీతో ఒకసారి, లేకుండా ఒకసారి, తెలుగు అక్షరాలు సన్నటి సైజులో తెర మీద పెట్టుకుని ‘క్ష్మ’, ‘జ్ఞ’ వొత్తుల అంచులు ముక్కు ఆనించి మరీ పోల్చాను. తేడా నాకు దొరకలేదు. ఇబ్బందులు ఉంటే వేరే చోట ఉన్నాయి. మీ కార్డు చిప్ లోపల తెరలకి వెళ్లే మార్గాలు నాలుగు, ఇంత వేగం ఉన్న డీఎస్‌సీ తెర ఒక్కటే అందులో రెండు తీసేసుకుంటుంది, అందుకని పక్కన ఇంకో మూడు మానిటర్లు పెట్టే ఆలోచన ఉంటే ఇబ్బంది పడతారు. ఒక్క మానిటరే అయితే నిశ్చింతగా కొనుక్కోండి. నిజానికి 4080 ఇప్పటి పెద్ద గేముల్లో 4కెలో 240 ఫ్రేములు ఇవ్వడమే కష్టం, పోర్టు కంటే ముందు చిప్ అలసిపోతుంది.

మీ బాధ నాకు తెలియక కాదు. 2015లో మా ఇంట్లోకి 4కె టీవీ తెచ్చి, అప్పటికి మార్కెట్లోకి వచ్చి ఏడాది కూడా కాని కార్డుకి తగిలించాను. తెర వెలిగింది, అందరం చప్పట్లు కొట్టాం. మౌస్ కదిపితే బాణం గుర్తు జారట్లేదు, అడుగులు వేస్తోంది, ఒక చోట కనిపించి మాయమై జానెడు అవతల తేలుతోంది. పోర్టు పాత 1.4 హెచ్‌డీఎంఐ, 4కెలో 30 హెర్ట్జ్‌కి మించి ఇవ్వదు. ఆ సాయంత్రం అంతా కేబుళ్లు మార్చాను, డ్రైవర్లు తీసి మళ్లీ వేశాను. తప్పు వాటిలో లేదు. అప్పటి నుంచి కార్డు కొనేముందు బాక్సు ముందువైపు బొమ్మలు కాదు, వెనకవైపు చిన్న అక్షరాలే చదువుతున్నాను.

ప్రశ్న: నేను ఉప్పల్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. కొత్త 4కె 144 హెర్ట్జ్ మానిటర్‌తో వచ్చిన కేబుల్ పొట్టిదని కోఠి గుజరాతీ గల్లీలో 5 మీటర్ల డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ కొన్నాను. దాని మీద 8కె అని రాసి ఉంది. కానీ తెర గంటకి రెండు మూడుసార్లు ఒక్క సెకను నల్లగా అయిపోయి మళ్లీ వస్తోంది. కార్డు పోతోందా? సీజన్‌లో ఉన్నాను, చాలా భయంగా ఉంది.

జవాబు: భయపడకండి, నూటికి తొంభై పాళ్లు కేబులే. ఇప్పుడే తేల్చుకోవచ్చు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 144ని 60కి తగ్గించి రోజంతా పని చేయండి. నల్లబడటం ఆగిపోతే కేబుల్ ఆ వేగాన్ని మోయలేకపోతోందని అర్థం. లేదా మానిటర్‌తో వచ్చిన పొట్టి కేబులే పెట్టి సీపీయూని టేబుల్ మీదికి ఎక్కించి ఒక రోజు చూడండి.

కార్డులు ఎందుకు వెనకబడుతున్నాయి అన్న పై ప్రశ్నకి కేబుల్ కూడా ఒక జవాబు. 80 గిగాబిట్లు మామూలు రాగి తీగలో ఒక మీటరు చుట్టుపక్కల దాకానే నమ్మకంగా వెళ్తాయి. మీటరు కేబుల్‌తో సీపీయూ కింద పెట్టి మానిటర్ పైన పెట్టుకునేదెలా? అందుకే 2025 జనవరిలో ప్రకటించిన డిస్‌ప్లేపోర్ట్ 2.1బిలో ప్రధానమైన మార్పే కేబుల్, లోపల చిన్న చిప్ పెట్టి మూడు మీటర్ల దాకా తీసుకెళ్లేది. మీది అంత వేగం కాదు, 1.4 వేగమే, అయినా 5 మీటర్లు మామూలు తీగకి ఎక్కువ.

ఉత్త 8కె అన్న ముద్రకి విలువ లేదు, ఎవరైనా వేసుకోవచ్చు. వెసా పరీక్ష పాసైన కొత్త రకం కేబుల్ మీద డీపీ40, డీపీ54, డీపీ80 అని గుర్తు ఉంటుంది, ఆ అంకె గిగాబిట్లు. రెండు మీటర్ల డీపీ40 తీసుకోండి, మీ పనికి చాలు. ఇంకొక్క సంగతి, కొన్ని చౌక కేబుళ్లలో 20వ పిన్నుని కూడా తీగతో కలిపేస్తారు. అది కరెంటు పిన్ను, స్టాండర్డ్ ప్రకారం కేబుల్‌లో దాన్ని కలపకూడదు. కలిపితే మానిటర్ నుంచి కార్డులోకి కరెంటు వెనక్కి వస్తుంది, ఆపేసిన సిస్టంలో లైట్లు వెలుగుతూ ఉండటం, ఆన్ చేస్తే బూట్ అవకపోవడం జరుగుతుంది. మీకు అలాంటిది కనిపిస్తే ఆ కేబుల్ ఇంకెవరికీ ఇవ్వకుండా పారేయండి. సీజన్ అంటున్నారు కాబట్టి కొత్తది వచ్చేదాకా 60లోనే ఎడిట్ చేసుకోండి, మీరు పెళ్లివాళ్లకి ఇచ్చే వీడియో ఎలాగూ 25, 30 ఫ్రేములే, పనికి ఏ లోటూ రాదు.

ప్రశ్న: నమస్తే అండీ. మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం. గ్రాఫిక్స్ కార్డు కొనిస్తానని మాటిచ్చాను. ఇప్పుడేమో హెచ్‌డీఎంఐ 2.2 వచ్చిందట, ఇప్పుడున్న కార్డుల్లో అది లేదట, వచ్చేదాకా ఆగుదాం నాన్నా అంటున్నాడు. ఆగితే మంచిదా? వాడి మానిటర్ 27 అంగుళాలు, 1440పీ, 144 హెర్ట్జ్ అని బాక్సు మీద ఉంది.

జవాబు: ఆగొద్దండీ. హెచ్‌డీఎంఐ 2.2 కాగితం 2025 జూన్‌లో వచ్చింది, 96 గిగాబిట్లు, పాతదానికి రెట్టింపు. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ అదే ఏడాది జనవరిలో, ఏఎండీ ఆర్‌ఎక్స్ 9070 మార్చిలో వచ్చేశాయి. స్టాండర్డ్ కంటే ముందు పుట్టిన కార్డులో అది ఎలా ఉంటుంది? పై జవాబులో చెప్పిన స్లాబ్ సంగతే ఇక్కడా.

మీ అబ్బాయి మానిటర్ లెక్క వేశాను. 37 లక్షల పిక్సెళ్లు, 24 బిట్లు, 144 సార్లు, 13 గిగాబిట్లకి కాస్త తక్కువ. 2013 నాటి హెచ్‌డీఎంఐ 2.0కే నికరంగా 14.4 వెళ్తాయి. ఈ రోజు అమ్ముతున్న ఏ కార్డు పోర్టు అయినా ఈ తెరకి ఎక్కువే. పోర్టు కోసం ఆగితే ఆ డబ్బు, ఆ రెండేళ్లు, రెండూ పోతాయి, ఈలోగా వాడి డిగ్రీ అయిపోతుంది. చదువుకి కూడా పనికొచ్చేలా కొనాలంటే పోర్టు నంబరు వదిలేసి కార్డు మెమరీ ఎంతో చూడమనండి. ఏఐ మోడళ్లు, 3డీ పనులు నేర్చుకునే పిల్లలకి 8 జీబీ తొందరగా ఇరుకైపోతోంది, 16 జీబీ అందుబాటు ధరలో దొరికితే అదే తీసుకోండి.

మాట ఇచ్చానన్నారు కదా, ఈ నెలలోనే కొనిచ్చేయండి.

ప్రశ్న: మణికొండ నుంచి రాస్తున్నాను. టీవీ బాక్సు మీద హెచ్‌డీఎంఐ 2.1 అని పెద్ద అక్షరాల్లో ఉంది. నా కార్డులో కూడా 2.1 ఉంది. అయినా 4కెలో 60 దాటట్లేదు. రెండూ 2.1 అయినప్పుడు 120 రావాలి కదా అన్నా?

జవాబు: రావాలి అనే అందరూ అనుకుంటారు, అనుకోవడంలో తప్పు లేదు. కానీ హెచ్‌డీఎంఐ వాళ్లు పెట్టిన పద్ధతి ప్రకారం 2.0 అన్నది విడిగా లేదు, అది 2.1లో కలిసిపోయింది. కొత్త సౌకర్యాలు అన్నీ ఐచ్ఛికం. 18 గిగాబిట్లే మోసే పోర్టుని కూడా 2.1 అని పిలవొచ్చు. జనం ఆ నంబరు చూసే కొంటారని తెలిసి ఇలా వదిలేయడం నాకు చాలా కోపం తెప్పించే విషయం, 2021లో ఇది బయటపడినప్పుడే సరిదిద్దాల్సింది. అందుకే షాపులో 2.1 ఉందా అని అడగొద్దు, ఎన్ని గిగాబిట్లు, 4కె 120 వస్తుందా అని అడగండి, జవాబు స్పెసిఫికేషన్ షీటులో చూపించమనండి.

మీ విషయంలో ఇంకా ఆశ ఉంది. చాలా టీవీల్లో నాలుగు పోర్టులు ఉంటే ఒకటి రెండిటికే ఆ వేగం ఉంటుంది. పైగా టీవీ మెనూలో ఆ పోర్టుకి సిగ్నల్ ఫార్మాట్ అనో, ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అనో, డీప్ కలర్ అనో ఒక సెట్టింగ్ ఉంటుంది, కంపెనీని బట్టి పేరు మారుతుంది, డబ్బాలోంచి వచ్చేటప్పుడు అది తరచూ ఆఫ్‌లో ఉంటుంది. కేబుల్ మీద అల్ట్రా హై స్పీడ్ అని ఉండాలి, దాని ప్యాకెట్ మీద స్కాన్ చేసే లేబుల్ ఉండాలి.

ఏ పోర్టుకి వేగం ఉందో టీవీ వెనక పోర్టు పక్కనే చిన్న అక్షరాల్లో 4కె 120 అని చాలాసార్లు ప్రింట్ చేసి ఉంటుంది. గోడకి బిగించిన టీవీ అయితే దించనక్కర్లేదు, ఫోన్ ఫ్లాష్ వేసి సందులోకి చెయ్యి పెట్టి వీడియో తీసుకుని, ఆపి ఆపి చూడండి.